గుమ్మడికాయ దెయ్యం, వంటింటి సైన్సు

వంటసోడా, వెనిగర్, పసుపు, కోడిగుడ్డు, కార్న్‌ఫ్లోర్, ఒక గుమ్మడికాయ. హాలోవీన్ పేరుతో పిల్లలు వంటింట్లో చేయగలిగిన సైన్సు ప్రయోగాలకు దాదాపు ఈ సరుకులే చాలు. అక్టోబర్ 31 సాయంత్రం జరిగే ఈ పండుగలో పిల్లలు దెయ్యాలు, మంత్రగత్తెలు, అస్థిపంజరాల వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఆ వేషాలకు సరిపోయే వింతలు వంటింట్లోనూ ఉన్నాయి. నురగ కక్కే గుమ్మడి, నెత్తురోడే కాగితం, వేలితో వంచితే వంగే ఎముక, కంటికి కనిపించకుండా దీపం ఆర్పేసే దెయ్యం. ఇవన్నీ ఆమ్లాలు, క్షారాలు, వాయువులు, ఎంజైములు చేసే పనులే. అమెరికా బడుల్లో అక్టోబర్ చివరి వారం ఇలాంటి ప్రయోగాలు మామూలు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చాలావరకు ఈ పండుగ పిల్లల బడి ద్వారానే పరిచయమవుతుంది.

హాలోవీన్ మూలాలు ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ జరుపుకున్న సావిన్ అనే పాత పండుగలో ఉన్నాయని చెబుతారు. క్రైస్తవులు నవంబర్ 1ని సకల పునీతుల పండుగగా జరుపుకుంటారు. దానికి ముందు రాత్రి కాబట్టి హాలోవీన్ అనే పేరు వచ్చింది. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో టర్నిప్ దుంపను తొలిచి, భయపెట్టే ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అక్కడి నుంచి అమెరికా వలస వెళ్లినవారికి దుంప కన్నా పెద్దది, తొలవడానికి తేలికైనది గుమ్మడికాయ దొరికింది. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలే. తెలుగువారు పులుసులో వేసుకునే మంచి గుమ్మడి కూడా అక్కడి నుంచి వచ్చిన వంశానిదే. ఇంటి ముందు దిష్టికి కట్టే బూడిద గుమ్మడి మాత్రం వేరే జాతి, ఆసియా పంట. అయినా గుమ్మం దగ్గర ఒక భయంకర ముఖం ఉంటే చెడు లోపలికి రాదన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే కావడం పిల్లలకు చెప్పదగిన సంగతి.

ఈ ప్రయోగాలను పెద్దవాళ్లే చేసి చూపించి చప్పట్లు కొట్టించడం తేలిక. అందులో పిల్లలకు దక్కేది ఒక్క నిమిషం సంబరం. అదే ప్రయోగాన్ని రెండోసారి, ఒకే ఒక్క అంశం మార్చి చేయిస్తే అసలు సైన్సు మొదలవుతుంది. వెనిగర్ చల్లగా ఉంటే నురగ తగ్గుతుందా? సోడా రెట్టింపు వేస్తే నురగ కూడా రెట్టింపు అవుతుందా? ముందు పిల్లల చేత జవాబు చెప్పించాలి, కాగితం మీద రాయించాలి, ఆ తర్వాతే చేయించాలి. ఊహ తప్పితే ఆ రాసింది కొట్టేయనివ్వకూడదు. అలా తప్పిన చోటే వాళ్లు ఎందుకని అడుగుతారు.

మొదటి ప్రయోగం గుమ్మడిని కోయకముందే చేయవచ్చు. నీళ్లు నింపిన టబ్బులో ఆ కాయను వదిలితే తేలుతుందా, మునుగుతుందా? చేతులతో ఎత్తి బరువు చూసిన పిల్లలు చాలామంది మునుగుతుందనే అంటారు. కాయ మాత్రం తేలుతుంది. లోపల పెద్ద బోలు ఉండటంతో, మొత్తం మీద దాని సాంద్రత నీటి కన్నా తక్కువ. కెనడాలోని విండ్సర్ పట్టణంలో మనిషి కూర్చునేంత పెద్ద గుమ్మడికాయలను తొలిచి, వాటినే పడవలుగా చేసుకుని పందేలు నడిపారు. కోసిన తర్వాత గింజల లెక్క. ఎన్ని ఉంటాయో ఒక్కొక్కరూ ఊహించి, తర్వాత పదేసి చొప్పున కుప్పలు పెడితే చిన్న పిల్లలకు వందల లెక్క చేతికి అందుతుంది. లెక్క అయ్యాక కొన్ని విడిగా దాచి, మిగతావి కడిగి వేయించుకుని తినవచ్చు.

నురగ కక్కే గుమ్మడి

చిన్న గుమ్మడికాయ చాలు. మూత భాగం తీసి, పీచు గోకేసి, కళ్లు, నోరు పెద్దవాళ్లే కోసి ఇవ్వాలి. కాయను వెడల్పాటి పళ్లెంలో పెట్టి, నోటి ఎత్తుకు వచ్చే గ్లాసు ఒకటి లోపల నిలబెట్టాలి. గ్లాసులో రెండు చిన్న చెంచాల వంటసోడా, నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు ద్రవం, కావాలంటే కాస్త ఆకుపచ్చ తినే రంగు వేయాలి. చివరగా అరకప్పు వెనిగర్ ఒక్కసారిగా పోయాలి. బుసబుసమంటూ నురగ పైకి లేచి, గుమ్మడి నోటి నుంచీ కళ్ల నుంచీ కారుతుంది. సబ్బు లేకుండా చేస్తే పొంగు చప్పున లేచి చప్పున అణిగిపోతుంది. సబ్బు ఉంటే వాయువు బుడగల్లో చిక్కుకుని, నురగ నెమ్మదిగా, దళసరిగా పాకుతుంది. మొదటిసారి సబ్బు లేకుండా, రెండోసారి సబ్బుతో చేయించడం ఒక్క అంశం మార్చి చూడటానికి మంచి పాఠం.

జరిగేది సులభంగానే చెప్పవచ్చు. వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు, నీరు, సోడియం ఎసిటేట్ అనే లవణం ఏర్పడతాయి. పుల్ల పెరుగులో కలిపిన మైసూరు బజ్జీ పిండిలో చిటికెడు సోడా వేసేది ఈ వాయువు కోసమే. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం అక్కడ వెనిగర్ పని చేస్తుంది, బజ్జీ లోపలి గుల్ల ఆ వాయువు విడిచిపోయిన జాగా. బేకింగ్ పౌడర్ వేరు, వంటసోడా వేరు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి ఆమ్లం కూడా కలిపి ఉంటుంది కాబట్టి అది ఉత్త నీళ్లకే పొంగుతుంది. రెండింటి మీదా నీళ్లు పోసి చూపిస్తే పిల్లలు ఆ తేడా మరిచిపోరు.

కొంచెం పెద్ద పిల్లలకు ఇక్కడే రసాయనశాస్త్రపు లెక్క చెప్పవచ్చు. బజారులో దొరికే వెనిగర్‌లో సాధారణంగా 5 శాతం ఆమ్లం ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాములు. దానికి సరిపోయే వంటసోడా సుమారు 7 గ్రాములు, అంటే ఒకటిన్నర చిన్న చెంచా. ఈ రెంటి నుంచి మామూలు గది వేడిమిలో సుమారు 2 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. వాయువును కొలవడానికి బెలూన్ ఉంది. బెలూన్ మీద ముందుగా స్కెచ్ పెన్నుతో దెయ్యం ముఖం గీయాలి. గరాటుతో బెలూన్‌లోకి సోడా వేసి, వెనిగర్ ఉన్న సీసా మూతికి బెలూన్ తొడిగి, పైకి ఎత్తి సోడాను లోపలికి దులపాలి. దెయ్యం లేచి నిలబడుతుంది. 2 లీటర్ల వాయువుకు బెలూన్ అడ్డంగా సుమారు 16 సెంటీమీటర్లు వస్తుంది. వెనిగర్ మారకుండా, సోడా మాత్రం 2, 4, 6, 8, 10 గ్రాములు వేస్తూ అయిదు బెలూన్లు చేస్తే మొదటి మూడూ వరుసగా పెద్దవవుతాయి. చివరి రెండింటికీ పెద్దగా తేడా ఉండదు. ఆమ్లం అయిపోయాక సోడా ఎంత వేసినా దండగే. రెట్టింపు సోడాకు రెట్టింపు నురగ వస్తుందని రాసుకున్న పిల్లలకు జవాబు ఈ అయిదు బెలూన్లలో కనిపిస్తుంది.

పొంగుతున్న గ్లాసును పట్టుకుని చూస్తే చల్లగా తగులుతుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే కొన్ని డిగ్రీలు తగ్గడం కనిపిస్తుంది. ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది. పాఠ్యపుస్తకాలు దీన్నే ఉష్ణగ్రాహక చర్య అంటాయి. దీని పక్కనే మరో నురగ చేసి చూపితే బాగుంటుంది. మందుల దుకాణంలో గోధుమరంగు సీసాలో అమ్మే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సీసాలో పోసి, కాస్త సబ్బు కలిపి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన ఈస్ట్ పోస్తే అది కూడా పొంగుతుంది. ఈసారి సీసా వెచ్చబడుతుంది, వచ్చే వాయువు ఆక్సిజన్. ఈస్ట్‌లో ఉండే కాటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. దెబ్బ మీద ఈ మందు పోస్తే బుసబుసమనడానికి కారణం కూడా ఇదే ఎంజైము, మన నెత్తుటిలో ఉంటుంది. పచ్చి బంగాళాదుంప ముక్క మీద పోసినా నురగ వస్తుంది, ఉడికించిన ముక్క మీద రాదు. వేడికి ఎంజైము చెడిపోయింది. ఇంట్లో 3 శాతం మందే వాడాలి. జుట్టు రంగులతో వచ్చే గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, అది పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఈ వరుసలో అన్నిటికన్నా గొప్పది కనిపించని దెయ్యం. పెద్ద జగ్గులో సోడా, వెనిగర్ కలిపి, నురగ అణిగేదాకా ఆగాలి. జగ్గు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అడుగున ఉన్న ద్రవం పైన కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది. అది గాలి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. గుమ్మడి లోపల కొవ్వొత్తి వెలిగించి, జగ్గును మెల్లగా వంచి, ద్రవం కారకుండా వాయువు మాత్రమే మీద పోసినట్టు చేయాలి. ఎవరూ ఊదకుండానే, ఏమీ తాకకుండానే మంట ఆరిపోతుంది. ఒకసారి చూసిన పిల్లలు మళ్లీ మళ్లీ వెలిగించమంటారు. అగ్గిపుల్ల పెద్దల చేతిలోనే ఉండాలి. కొవ్వొత్తి ఒక్కదాన్ని పెట్టుకుని పిల్లలకు సైన్సంతా చెప్పవచ్చని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే చేసి చూపించాడు. బాలబాలికల కోసం ఆయన ఇచ్చిన కొవ్వొత్తి ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి, ఇప్పటికీ చదువుతున్నారు.

తొందర లేని దెయ్యం కావాలంటే సోడా బదులు ఈస్ట్ వాడాలి. సీసాలో గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల పంచదార, ఒక చెంచా ఈస్ట్ వేసి బెలూన్ తొడిగితే, అది గంటసేపట్లో మెల్లగా లేస్తుంది. ఈస్ట్ ప్రాణమున్న శిలీంధ్రం. పంచదార తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఒక సీసా చన్నీళ్లతో, ఒకటి గోరువెచ్చటి నీళ్లతో, ఒకటి మరిగిన నీళ్లతో చేస్తే మూడో దెయ్యం అసలు లేవదు.

వంగే ఎముక, పెంకు లేని గుడ్డు

అస్థిపంజరం బొమ్మలు వేలాడే పండుగకు ఎముకను గురించి చెప్పడం సరిగ్గా సరిపోతుంది. వండిన కోడి కాలి ఎముకను శుభ్రంగా కడిగి, మాంసం లేకుండా చేసి, గాజు సీసాలో అది మునిగేలా వెనిగర్ పోసి మూత వదులుగా పెట్టాలి. రెండు రోజులకొకసారి వెనిగర్ మార్చాలి. వారం తిరిగేసరికి ఎముక రూపం అలాగే ఉంటుంది, కానీ వేళ్ల మధ్య పట్టి నొక్కితే రబ్బరులా వంగుతుంది. సన్నటి ఎముకైతే తొందరగా మెత్తబడుతుంది, లావుదైతే ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఎముక ఒకే పదార్థంతో చేసింది కాదు. గట్టిదనమిచ్చే కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజం ఒకటి, సాగేగుణమిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు మరొకటి. వెనిగర్ మొదటిదాన్ని కరిగించి తీసుకుపోతుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. ఖనిజం లేని ఎముక నిలబడలేదు. కొల్లాజెన్ లేని ఎముక సుద్దముక్కలా విరుగుతుంది. ఇంటి స్లాబులో కాంక్రీటు, ఇనుపచువ్వ రెండూ ఉన్నట్టే ఇదీ. విటమిన్ డి చాలక పిల్లల కాళ్లు దొడ్డివంకర తిరిగే రికెట్స్ జబ్బులో జరిగేది ఇలాంటిదే, ఎముకలోకి చేరవలసిన ఖనిజం చేరదు. పాలు తాగమని, ఎండలో ఆడుకోమని పెద్దలు ఎందుకంటారో ఈ వంగిన ఎముకను చేతిలో పట్టుకున్న పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

గుడ్డుతో చేసేది ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. పచ్చి గుడ్డును వెనిగర్‌లో వేయగానే పెంకు నిండా సన్నటి బుడగలు అంటుకుంటాయి. పెంకు కాల్షియం కార్బొనేట్, అది ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రెండు రోజులకు పెంకంతా కరిగి, పలచటి పొర మాత్రమే మిగిలిన గుడ్డు బయటికి వస్తుంది. టార్చిలైటు ముందు పెడితే లోపల పచ్చసొన కదలడం కనిపిస్తుంది. మీద నల్లగుడ్డు గీస్తే రాక్షసుడి కన్నే. ఆ గుడ్డు మామూలు గుడ్డు కన్నా ఉబ్బి ఉంటుంది, పొర గుండా నీరు లోపలికి పోయింది కాబట్టి. దాన్నే చిక్కటి పంచదార పాకంలోనో, తేనెలోనో ఒక రోజు ఉంచితే లోపలి నీరు బయటికి వచ్చి ముడతలు పడిపోతుంది. మళ్లీ మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. ఊరగాయకు ఉప్పు పట్టించిన మామిడిముక్కల నుంచి ఊట దిగడమూ ఇదే. ప్రతిసారీ దారంతో చుట్టుకొలత తీసి రాసుకోవడం పిల్లల పని. పచ్చి గుడ్డు తాకిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ప్రయోగం చేసిన గుడ్డు తినకూడదు. గుడ్డు, ఎముక ముట్టని ఇళ్లలో సముద్రపు గవ్వను వెనిగర్‌లో వేస్తే అదే బుడగలు కనిపిస్తాయి.

నెత్తుటి అక్షరాలు

తెలుగింటి పిల్లలకు దగ్గరైన ప్రయోగం పసుపుది. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లోనూ చేతులకు రాసుకునే శానిటైజర్‌లోనూ బాగా కరుగుతుంది. శానిటైజర్‌లో పసుపు కలిపి, తెల్ల కాగితం మీద దూదితో పూసి, పొయ్యికి దూరంగా ఆరనివ్వాలి. నీళ్లలో వంటసోడా కలిపి, చెవి దూదిపుల్లను అందులో ముంచి ఆ కాగితం మీద రాస్తే అక్షరాలు ఎర్రగా పైకి వస్తాయి. చెయ్యి ముద్ర వేస్తే నెత్తుటి చెయ్యి. సోడా కన్నా సబ్బు నీళ్లకు ఎరుపు ముదురుగా వస్తుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపే.

పసుపు ఒక సూచిక. ఆమ్లంలో పసుపుపచ్చగా, క్షారంలో ఎర్రగా ఉంటుంది. పులుసు మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు పెట్టగానే మరక ఎర్రబడటం ప్రతి ఇంట్లో చూసిందే. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి పసుపు, సున్నం కలిపి చేసిందే. హారతిపళ్లెంలో ఎర్రనీళ్లు తయారయ్యేదీ ఈ రెండు కలిస్తేనే. అమ్మమ్మల చేతుల్లో తరతరాలుగా నడిచిన ఈ రసాయన చర్యను అమెరికాలో పెరిగే మనవలు హాలోవీన్ నెత్తుటి రాతగా చేసుకోవడం కన్నా మంచి కలయిక ఇంకొకటి దొరకదు. పారాణిలో వాడే తడి సున్నం మాత్రం కంటికి ప్రమాదం, పిల్లల ప్రయోగాలకు వంటసోడా, సబ్బు చాలు.

మంత్రగత్తె కషాయానికి ఊదారంగు క్యాబేజీ కావాలి. ఆకులను తరిగి వేడినీళ్లలో నానబెట్టి వడకడితే ఊదారసం దిగుతుంది. నాలుగు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వంటసోడా, ఒకదాంట్లో సబ్బు వేసి, ఒకటి అలాగే ఉంచాలి. గులాబి, నీలం, ఆకుపచ్చ, ఊదా వరుసగా కనిపిస్తాయి. ఇందులో పనిచేసేవి ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. మందారపూలలోనూ, శంఖపుష్పాలలోనూ ఇవే ఉంటాయి కాబట్టి క్యాబేజీ దొరకని చోట పెరటి పూలు పనికొస్తాయి.

చీకట్లో మెరిసే నీళ్లు

టానిక్ వాటర్ అనే చేదు సోడాను చీకటిగదిలో బ్లాక్‌లైట్ అనే అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా వెలుగుతుంది. పగటి వెలుగులో చూస్తే అది మంచినీళ్లలాగే ఉంటుంది. మెరుపుకు కారణం అందులో చేదు కోసం వేసే క్వినైన్. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని అది తీసుకుని, కంటికి కనిపించే నీలికాంతిగా తిరిగి ఇస్తుంది. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1845లో క్వినైన్ ద్రావణంలో ఈ నీలిమను గుర్తించాడు. జార్జ్ స్టోక్స్ 1852లో కారణం వివరించి దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరుపెట్టాడు. తెలుగు పుస్తకాల్లో ప్రతిదీప్తి అంటారు.

క్వినైన్ దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చిన మలేరియా మందు. ఆ మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. మెరిసే గ్లాసును చూపిస్తూ ఈ కథ చెప్పడానికి తెలుగు తల్లిదండ్రులకు హక్కు ఎక్కువే ఉంది.

ఇక్కడ కూడా ఒక్క అంశం మార్చి చూడవచ్చు. రెండు గ్లాసుల టానిక్ వాటర్‌లో ఒకదాంట్లో చెంచా ఉప్పు కలిపితే పొంగు అణిగాక ఆ గ్లాసు మెరుపు తగ్గి ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు క్వినైన్ తీసుకున్న శక్తిని కాంతిగా మారకముందే లాగేసుకుంటాయి. పాలకూరను స్పిరిట్‌లో నలిపి వడకట్టిన ఆకుపచ్చ రసం అదే దీపం కింద ఎర్రగా కనిపిస్తుంది, అది పత్రహరితం పని. పసుపు కలిపిన శానిటైజర్ పచ్చగా మెరుస్తుంది. దీపంలోకి నేరుగా చూడకూడదు, ఎవరి కంట్లోకీ వేయకూడదు.

ఘనమా, ద్రవమా

రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌లో ఒక కప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే పిల్లలు గంటలకొద్దీ వదలని బురద తయారవుతుంది. అమెరికా దుకాణాల్లో దీన్ని కార్న్‌స్టార్చ్ పేరుతో అడగాలి, అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న రుబ్బిన పిండి ఇస్తారు. ఈ ముద్దను పిడికిట నొక్కితే గట్టి ఉండ. పిడికిలి తెరిస్తే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. గుద్దితే గోడలా ఆపుతుంది, మెల్లగా వేలు దించితే మునిగిపోతుంది. తోసే వేగాన్ని బట్టి చిక్కదనం మారే ఇలాంటి ద్రవాలను న్యూటన్ సూత్రానికి లొంగని ద్రవాలంటారు. నెమ్మదిగా కదిపితే పిండిరేణువుల మధ్య నీరు జారుడు పొరలా ఉంటుంది. దెబ్బ తగిలితే రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుంటాయి. డాక్టర్ స్యూస్ 1949లో రాసిన పిల్లల కథలోని ఆకుపచ్చ జిగురు పేరు మీద అమెరికా పిల్లలు దీన్ని ఊబ్లెక్ అంటారు. ఆట అయ్యాక సింకులో పోస్తే గొట్టంలో పేరుకుపోతుంది, చెత్తబుట్టలోనే వేయాలి.

పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, సబ్బు అంటిన వేలు మధ్యలో పెడితే పొడి అంచులకు పరుగెడుతుంది. పొడి దెయ్యాన్ని చూసి పారిపోయిందని చిన్నవాళ్లకు చెప్పవచ్చు, సబ్బు నీటి తలతన్యతను తగ్గించిందని పెద్దవాళ్లకు. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే యువతి ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేని రోజుల్లో ఇంటి పని చేసుకుంటూ, గిన్నెలు కడిగే నీళ్ల మీద నూనె, సబ్బు పొరలు ఏం చేస్తాయో ఒక రేకుతొట్టితో ఓపికగా కొలిచింది. తన ఫలితాలను ఉత్తరంగా శాస్త్రవేత్త లార్డ్ రేలీకి రాస్తే, ఆయన చొరవతో 1891లో నేచర్ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఆమె రేకుతొట్టి పద్ధతిని ముందుకు తీసుకుపోయిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. వంటింటి ప్రయోగాలను పిల్లకాయల ఆటగా తీసిపారేసేవారికి ఈ ఒక్క పేరు చెబితే చాలు.

పండుగ రాత్రి సంచుల్లో చేరిన మిఠాయిలూ ప్రయోగానికి పనికొస్తాయి. రంగురంగుల స్కిటిల్స్ గోళీలను పళ్లెం అంచున పేర్చి గోరువెచ్చని నీళ్లు పోస్తే రంగులు చారలుగా మధ్యకు పాకుతాయి. టిష్యూ కాగితంతో కత్తిరించిన దెయ్యాన్ని బల్ల మీద పెట్టి, తల మీద రుద్దిన బెలూన్‌ను పైన పట్టుకుంటే దెయ్యం లేచి నిలబడుతుంది. ఈ స్థిర విద్యుత్తు ఆట అమెరికాలో పొడిగాలి వీచే చోట బాగా కుదురుతుంది, తేమ ఎక్కువైన కోస్తా ఊళ్లలో అంతగా కుదరదు.

పెద్దలు దగ్గర లేకుండా చేయకూడనివి

హాలోవీన్ వీడియోల్లో కనిపించే పొగలు కక్కే బానలు చాలావరకు డ్రై ఐస్‌తో చేసినవి. డ్రై ఐస్ అంటే మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది కరగదు, నేరుగా వాయువవుతుంది. పైకి కనిపించే తెల్లపొగ ఆ వాయువు కాదు, చల్లదనానికి నీటి ఆవిరి పొగమంచులా పేరుకున్నది. దీన్ని వట్టిచేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. మూత బిగించిన సీసాలో వేస్తే సీసా పేలుతుంది. తలుపులు మూసిన గదిలో ఊపిరాడదు. పిల్లలు దూరం నుంచి చూడటానికి మాత్రమే ఇది తగినది.

సోడా, వెనిగర్ కలిపిన సీసాకైనా మూత బిగించకూడదు. బట్టల బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తోగానీ మరే ద్రవంతోగానీ కలపకూడదు, విషవాయువు పుట్టవచ్చు. గుమ్మడిలో పెట్టే బ్యాటరీ దీపాల్లోని బొత్తాం బ్యాటరీలను చంటిపిల్లలు మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది, వాటి మూత స్క్రూ బిగించి ఉందో లేదో చూసుకోవాలి. ప్రయోగానికి వాడిన గ్లాసు నుంచి ఎవరూ తాగకూడదు. పొరపాటున ఏదైనా మింగితే అమెరికాలో ఏ రాష్ట్రం నుంచైనా విష సమాచార కేంద్రానికి 1-800-222-1222కు ఫోన్ చేయవచ్చు.

నవంబర్ 1 తర్వాత మిగిలే గుమ్మడిని వెంటనే పారేయకుండా పళ్లెంలో పెట్టి పెరట్లో ఉంచితే ఇంకో ప్రయోగం మొదలవుతుంది. కోసిన అంచుల మీద ముందు తెల్ల బూజు, తర్వాత నల్లచుక్కలు వస్తాయి. బుగ్గలు లోపలికి పోతాయి, నోరు ముడుచుకుంటుంది. కాయలో ఎక్కువ భాగం నీరే కాబట్టి అది కారిపోయేకొద్దీ ముఖం ముసలిదవుతుంది. రోజూ ఒకే చోటు నుంచి ఫొటో తీసి, వారానికొకసారి బరువు తూస్తే శిలీంధ్రాలూ బాక్టీరియా ఒక కాయను మట్టిగా మార్చే పని అంకెల్లో కనబడుతుంది. బూజును దగ్గరగా వాసన చూడనివ్వకూడదు. పూర్తిగా కుళ్లాక తోట మట్టిలో కలిపేయవచ్చు. మొదట్లో లెక్కపెట్టి దాచిన గింజలను ఆరబెట్టి కాగితం సంచిలో ఉంచితే వచ్చే ఏడాది విత్తుకోవచ్చు. విత్తిన దగ్గర నుంచి కాయ పండటానికి సుమారు వంద రోజులు పడుతుంది కాబట్టి, హాలోవీన్ నాటికి అందాలంటే అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలవారు మే చివరిలో, దక్షిణాదివారు జూలై మొదట్లో నాటాలి.